ఫోల్డర్లను కమాండ్ లైన్ నుంచి ఇమేజ్ ఫైలుగా క్యాప్చర్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ఫోల్డర్‌ని లోపలి ఫోల్డర్లు, పర్మిషన్లు, లింకులతో సహా ఒకే ఇమేజ్ ఫైలులో దాచుకోవాలనుకునేవాళ్ళు ఇంచుమించు ఒకే చోట్ల ఆగిపోతుంటారు. అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట చేర్చాను. ఎక్కువ భాగం విమ్ అన్న మైక్రోసాఫ్ట్ ఇమేజ్ ఫార్మాట్ గురించే ఉంటుంది. వరుసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. కమాండ్‌ల పేర్లు, స్విచ్‌లు ఇక్కడ పలికే తీరులో రాశాను. టైప్ చేసేటప్పుడు మాత్రం వాటి ఇంగ్లిష్ స్పెల్లింగే వాడాలి.

## మొదలుపెట్టే ముందు

ఇమేజ్ అంటే డిస్క్ మొత్తం కాపీ కదా, ఒక్క ఫోల్డర్‌ని ఇమేజ్ చేయడం ఏమిటి?

ఇమేజ్‌లు రెండు రకాలు. ఒకటి డిస్క్‌ని సెక్టార్ సెక్టార్‌గా కాపీ చేసేది. ఖాళీ జాగా, డిలీట్ అయిన ఫైళ్ళ అవశేషాలు అన్నీ అందులోకి వస్తాయి. రెండోది ఫైళ్ళ స్థాయిలో పనిచేసేది. ఏ ఫోల్డర్ కింద ఏ ఫైలు ఉంది, దాని తేదీలు ఏమిటి, పర్మిషన్లు ఏమిటి, లోపలి డేటా ఏమిటి అన్నవి మాత్రమే దాస్తుంది. విమ్ ఈ రెండో రకం. విండోస్ విస్టాతో మైక్రోసాఫ్ట్ దీన్ని ఇన్‌స్టాలేషన్ కోసం తెచ్చింది. ఫైళ్ళ స్థాయిలో పనిచేస్తుంది కాబట్టి డ్రైవ్ మొత్తాన్నే కాదు, అందులో ఏ ఒక్క ఫోల్డర్‌నైనా క్యాప్చర్ చేయొచ్చు, దాన్ని వేరే సైజు డిస్క్ మీద కూడా పరచొచ్చు.

జిప్ చేస్తే సరిపోదా?

ఫొటోలో, డాక్యుమెంట్లో అయితే సరిపోతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్) డ్రైవ్ మీది ఫైళ్ళకు సెక్యూరిటీ పర్మిషన్లు, హార్డ్ లింకులు (ఒకే ఫైలుకి ఇంకో పేరు), జంక్షన్లు (వేరే ఫోల్డర్‌ని చూపే లింకులు), ఆల్టర్నేట్ డేటా స్ట్రీమ్‌లు (ఫైలుకి అంటిపెట్టుకుని ఉండే అదనపు డేటా) ఉంటాయి. మామూలు జిప్‌లో వీటిలో చాలావరకు రాలిపోతాయి. రాలిపోయినట్టు ఏ హెచ్చరికా రాదు, అసలు ఇబ్బంది అక్కడే. ప్రోగ్రాములున్న ఫోల్డర్, సర్వర్‌లో పంచుకున్న ఫోల్డర్, మొత్తం సిస్టమ్ లాంటివాటికి ఇమేజ్ ఫార్మాటే తగినది.

ఇంకో లాభం డూప్లికేట్ల విషయంలో. విమ్‌లో ప్రతి ఫైలు డేటాకీ ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ (డేటాకి వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కిస్తారు. ఒకే డేటా ఉన్న ఫైళ్ళు ఎన్ని చోట్ల ఉన్నా, పేర్లు వేరైనా, లోపల దాచేది ఒక్క కాపీయే.

డిస్మ్ వాడాలా, విమ్‌లిబ్ వాడాలా?

విండోస్‌లో మాత్రమే పని, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేసే వీలు లేదు అంటే డిస్మ్ వాడండి. అది ఇమేజ్‌లతో పనిచేసే విండోస్ కమాండ్ లైన్ సాధనం, సిస్టమ్‌తోనే వస్తుంది. లినక్స్ నుంచి చేయాలన్నా, స్క్రిప్ట్‌లో పెట్టాలన్నా, సాలిడ్ కంప్రెషన్ (చాలా ఫైళ్ళని కలిపి కుదించడం) కావాలన్నా, నడుస్తున్న డ్రైవ్‌కి స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని నిశ్చల కాపీ) తీసి క్యాప్చర్ చేయాలన్నా విమ్‌లిబ్ మేలు. అది ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. మామూలు సెట్టింగులతో తీసిన ఫైలుని ఒకదానితో క్యాప్చర్ చేసి రెండోదానితో తెరవొచ్చు. రెండూ అందుబాటులో ఉంటే నేను విమ్‌లిబ్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే అది ఏం దాచిందో, ఏం దాచలేకపోయిందో స్పష్టంగా చెబుతుంది.

పాత గైడ్లలో ఇమేజ్‌ఎక్స్ అని ఉంది. అది ఇంకా వాడొచ్చా?

వాడకండి. విస్టా, విండోస్ 7 రోజుల్లో క్యాప్చర్‌కి అదే సాధనం. విండోస్ 7లోని డిస్మ్ ఇమేజ్‌ని మౌంట్ చేసి (మామూలు ఫోల్డర్‌లా తెరిచి) మార్చగలదు గానీ క్యాప్చర్ చేయలేదు. 2012లో విండోస్ 8తో క్యాప్చర్, అప్లై (ఇమేజ్‌ని తిరిగి డిస్క్ మీద పరచడం) రెండూ డిస్మ్‌లోకి వచ్చేశాయి, ఇమేజ్‌ఎక్స్‌ని పక్కన పెట్టేశారు.

నేను లినక్స్‌లోనే ఉంటాను. నాకు విమ్ అవసరమా?

ఆ ఇమేజ్ ఎప్పటికీ విండోస్ ముఖం చూడదనుకుంటే అవసరం లేదు. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అన్న ఇమేజ్ ఫార్మాట్ తీసుకోండి. 2009లో వచ్చిన 2.6.29 నుంచి అది లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. ఓనర్లు, మోడ్‌లు (లినక్స్ పర్మిషన్లు), లింకులు సహజంగానే నిలబడతాయి, నేరుగా రీడ్-ఓన్లీగా మౌంట్ అవుతుంది. ఎంకే-స్క్వాష్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌కి ముందు సోర్స్ ఫోల్డర్, తర్వాత ఇమేజ్ ఫైలు పేరు ఇస్తే చాలు. ఒక్క జాగ్రత్త: ఆ పేరుతో ఇమేజ్ ముందే ఉంటే అది చెరిపి కొత్తది రాయదు, పాతదానికే కలుపుతుంది. కొత్తగా రాయాలంటే నో-అపెండ్ స్విచ్ తప్పనిసరి.

మ్యాక్‌లో అయితే హెచ్‌డీఐ-యుటిల్ క్రియేట్‌కి సోర్స్-ఫోల్డర్ స్విచ్ ఇస్తే ఫోల్డర్ నుంచి నేరుగా డీఎంజీ (మ్యాక్ ఇమేజ్) ఫైలు తయారవుతుంది.

## క్యాప్చర్ చేసేటప్పుడు

క్యాప్చర్ కమాండ్‌ని ముక్క ముక్కగా విడమర్చి చెప్పండి

విమ్‌లిబ్‌లో కమాండ్ పేరు విమ్‌క్యాప్చర్. దాని తర్వాత మూడు విషయాలు వరుసగా ఇస్తారు: ఏ ఫోల్డర్‌ని పట్టాలి, ఏ ఫైలులో దాచాలి, ఆ ఇమేజ్‌కి ఏ పేరు పెట్టాలి. మూడోది ఇవ్వకపోతే ఫోల్డర్ పేరే ఇమేజ్ పేరవుతుంది. ఒకే విమ్ ఫైలులో ఎన్నో ఇమేజ్‌లు ఉండొచ్చు, వాటి పేర్లు మాత్రం ఒకేలా ఉండకూడదు. అందుకే పేరులో తేదీ చేర్చడం మంచి అలవాటు. ఆ తర్వాత స్విచ్‌లు. చెక్ అన్న స్విచ్ ఎప్పుడూ పెట్టండి. దానివల్ల ఫైలు చివర ఒక ఇంటిగ్రిటీ టేబుల్ చేరుతుంది, ఫైలు ఎక్కడైనా పాడైతే తర్వాత పట్టుకోవచ్చు.

డిస్మ్‌లో వరుసతో పని లేదు, ఒక్కోదానికీ పేరుంది. క్యాప్చర్-ఇమేజ్ అన్నది చేయాల్సిన పని. ఇమేజ్‌ఫైల్ అన్నదానికి గమ్యం, క్యాప్చర్‌డిర్ అన్నదానికి సోర్స్ ఫోల్డర్, నేమ్ అన్నదానికి ఇమేజ్ పేరు ఇవ్వాలి. స్విచ్‌కీ విలువకీ మధ్య కోలన్ ఉంటుంది, ఖాళీ ఉండదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి.

గమ్యం ఫైలుని క్యాప్చర్ చేస్తున్న ఫోల్డర్ లోపలే పెట్టకండి. వేరే డ్రైవ్ అయితే ఇంకా మంచిది. విమ్‌క్యాప్చర్ ఎప్పుడూ కొత్త ఫైలు రాస్తుందనీ, అదే పేరుతో పాతది ఉంటే దాని స్థానంలోకి కొత్తది వచ్చేస్తుందనీ గుర్తుంచుకోండి. పాతదానికి కలపాలంటే విమ్‌అపెండ్ వేరే ఉంది.

కంప్రెషన్ ఏది పెట్టాలి? ఫాస్ట్, మాక్స్, సాలిడ్ అని ఉన్నాయి

ఫాస్ట్ అంటే ఎక్స్‌ప్రెస్ పద్ధతి. త్వరగా అవుతుంది, సైజు ఓ మోస్తరుగా తగ్గుతుంది. మాక్స్ అంటే ఎల్‌జడ్‌ఎక్స్. సైజు బాగా తగ్గుతుంది, సమయం ఎక్కువ పడుతుంది. డిస్మ్‌లో ఏమీ చెప్పకపోతే ఫాస్ట్, విమ్‌లిబ్‌లో ఏమీ చెప్పకపోతే ఎల్‌జడ్‌ఎక్స్. ఒకే ఫోల్డర్‌కి రెండు టూల్స్ ఇచ్చిన సైజుల్లో తేడా ఎందుకొచ్చిందని అడిగేవాళ్ళకు చాలాసార్లు జవాబు ఇదే.

సాలిడ్ అంటే ఎల్‌జడ్‌ఎంఎస్. అందులో చాలా ఫైళ్ళని ఒక్క దిమ్మగా కలిపి కుదిస్తారు. సైజు అన్నిటికంటే చిన్నది. కానీ లోపలి ఒక్క చిన్న ఫైలు కావాలన్నా ఆ దిమ్మలో చాలా భాగం విప్పాలి. ఈఎస్‌డీ ఫైళ్ళు (విండోస్ డౌన్‌లోడ్‌లలో వచ్చే ఇమేజ్‌లు) ఈ రకమే, వాటిని డిస్మ్‌తో మౌంట్ చేయలేం.

రోజూ అవసరపడే బ్యాకప్‌కి ఎల్‌జడ్‌ఎక్స్ దగ్గర ఆగిపోండి. ఒకసారి చేసి ఏళ్ళ తరబడి అటక మీద పెట్టేదానికి సాలిడ్ సరే. ఫోల్డర్ నిండా వీడియోలు, జేపెగ్‌లు, జిప్‌లు ఉంటే మాత్రం ఏది పెట్టినా పెద్ద తేడా రాదు. అవి ముందే కుదించినవి, వాటి మీద గంటల సమయం ఖర్చు పెట్టడం దండగ.

సాలిడ్ పెట్టగానే మెమరీ అంతా తినేసి మెషిన్ స్తంభించింది. ఏం చేయాలి?

విమ్‌లిబ్ సాలిడ్ కంప్రెషన్‌లో ఒక్కో దిమ్మ మామూలుగా 64 ఎంబీ. ఒక్కో థ్రెడ్ ఒక దిమ్మ పట్టుకుంటుంది, కుదించడానికి దానికి అంతకు కొన్ని రెట్ల మెమరీ కావాలి. ఏమీ చెప్పకపోతే ప్రాసెసర్‌లో ఎన్ని కోర్‌లుంటే అన్ని థ్రెడ్‌లు పుడతాయి. థ్రెడ్స్ స్విచ్‌కి 1 లేదా 2 ఇవ్వండి. సమయం పెరుగుతుంది, పని మాత్రం పూర్తవుతుంది.

లినక్స్‌లో క్యాప్చర్ చేసి తిరిగి తీస్తే ఫైళ్ళ ఓనర్లు, పర్మిషన్లు అన్నీ మారిపోయాయి

విమ్ పుట్టింది విండోస్ కోసం. యూజర్ ఐడీ, గ్రూప్ ఐడీ, మోడ్ లాంటి యూనిక్స్ వివరాలు అందులోకి వాటంతట అవి వెళ్ళవు. విమ్‌క్యాప్చర్‌కి యూనిక్స్-డేటా స్విచ్ ఇవ్వాలి. అది ఇస్తే డివైస్ ఫైళ్ళు, నేమ్డ్ పైప్‌లు కూడా చేరతాయి. చాలామంది మర్చిపోయేది రెండో సగం: తిరిగి తీసేటప్పుడు విమ్‌అప్లైకి కూడా అదే స్విచ్ ఇవ్వాలి. క్యాప్చర్‌లో ఇచ్చి అప్లైలో ఇవ్వకపోతే వివరాలు ఇమేజ్‌లో భద్రంగా ఉన్నా బయటికి రావు. మొదటిసారే ఇవ్వకపోతే మాత్రం ఆ ఇమేజ్‌లో అవి లేవు, అసలు ఫోల్డర్ ఇంకా ఉంటే మళ్ళీ క్యాప్చర్ చేయడమే దారి. ఇతరుల ఓనర్‌షిప్ తిరిగి రావాలంటే అప్లైని రూట్‌గా నడపాలి.

సింబాలిక్ లింకులు ఉంటే లింకు దాస్తుందా, అది చూపే ఫైలు దాస్తుందా?

లింకునే దాస్తుంది. చూపే ఫైలు కావాలంటే విమ్‌లిబ్‌లో డీరెఫరెన్స్ స్విచ్ ఉంది.

పూర్తి పాత్‌తో ఉన్న లింకుల విషయంలో ఇంకో సంగతి తెలియాలి. లింకు చూపే చోటు క్యాప్చర్ చేస్తున్న ఫోల్డర్ లోపలే ఉంటే, ఆ పాత్‌ని క్యాప్చర్ ఫోల్డర్ నుంచి మొదలయ్యేలా మార్చి దాస్తారు. ఇమేజ్‌ని వేరే చోట పరిచినప్పుడు లింకు కొత్త చోటునే చూపాలని ఈ ఏర్పాటు. ఇది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. లింకులు ఉన్నవి ఉన్నట్టు అక్షరం మారకుండా కావాలంటే రెండు టూల్స్‌లోనూ నో-ఆర్‌పీ-ఫిక్స్ అన్న స్విచ్ ఇవ్వండి.

క్యాష్, టెంప్ లాంటి ఫోల్డర్లు రాకుండా ఎలా ఆపాలి?

ఒక చిన్న టెక్స్ట్ ఫైలు రాసి దాన్ని విమ్‌లిబ్‌లో కాన్ఫిగ్ స్విచ్‌తో, డిస్మ్‌లో కాన్ఫిగ్‌ఫైల్ స్విచ్‌తో ఇవ్వాలి. అందులో చదరపు బ్రాకెట్లలో ఎక్స్‌క్లూజన్‌లిస్ట్ అన్న శీర్షిక, దాని కింద లైనుకొక నమూనా. నమూనా స్లాష్‌తో మొదలైతే అది క్యాప్చర్ చేస్తున్న ఫోల్డర్ మొదలు నుంచి లెక్క. స్లాష్ లేకుండా, నక్షత్రం గుర్తు పెట్టి చుక్క టీఎంపీ అని రాస్తే ఆ రకం ఫైలు ఎక్కడున్నా పోతుంది. మొదట్లో స్లాష్ లేకుండా మధ్యలో స్లాష్ ఉన్న నమూనాలు రాయకండి. డ్రైవ్ అక్షరంతో మొదలయ్యే పూర్తి పాత్ కూడా వద్దు. ఒక ఫోల్డర్ పేరు నమూనాకి తగిలితే లోపలున్నదంతా దానితోపాటే పోతుంది.

వదిలేసిన గుంపులోంచి ఒకటి రెండు ఫైళ్ళు మాత్రం కావాలంటే ఎక్స్‌క్లూజన్‌ఎక్సెప్షన్ అన్న రెండో శీర్షిక కింద వాటిని రాయండి.

డిస్మ్‌కి మీ సొంత జాబితా ఇస్తే దానిలో ముందే ఉన్న జాబితా రద్దయిపోతుంది. పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్, స్వాప్‌ఫైల్, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ లాంటివి ఆ జాబితాలో ఉండబట్టే ఇన్నాళ్ళూ ఇమేజ్‌లోకి రాలేదు. డ్రైవ్ మొత్తం క్యాప్చర్ చేస్తుంటే వాటిని మీ ఫైలులో మళ్ళీ రాసుకోండి.

నడుస్తున్న విండోస్ సీ డ్రైవ్‌ని అలాగే క్యాప్చర్ చేయొచ్చా?

డిస్మ్‌తో వద్దు. తెరిచి ఉన్న ఫైళ్ళ దగ్గర ఆగిపోతుంది. విండోస్ పీఈ (ఇన్‌స్టాలేషన్, మరమ్మతుల కోసం వాడే చిన్న విండోస్) ఉన్న యూఎస్‌బీతో బూట్ చేసి, డ్రైవ్ నిద్రలో ఉండగా క్యాప్చర్ చేయాలి. అక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు, మీ సీ డ్రైవ్ అక్కడ డీ అయి ఉండొచ్చు. కమాండ్ కొట్టే ముందు లోపల విండోస్, యూజర్స్ ఫోల్డర్లున్న డ్రైవ్ ఏదో చూసుకోండి.

విమ్‌లిబ్ విండోస్ వెర్షన్‌లో స్నాప్‌షాట్ స్విచ్ ఉంది. అది వాల్యూమ్ షాడో కాపీ తీసి, ఆ నిశ్చల కాపీ నుంచి క్యాప్చర్ చేస్తుంది. బ్యాకప్‌కి ఇది చాలా పనికొస్తుంది. ఆ ఇమేజ్‌ని వేరే కంప్యూటర్లలో పరచాలనుకుంటే మాత్రం కథ వేరు, ముందు సిస్‌ప్రెప్‌ని (ఆ కంప్యూటర్‌కే చెందిన వివరాలు తీసేసే విండోస్ సాధనం) జనరలైజ్ స్విచ్‌తో నడిపాకే క్యాప్చర్ చేయాలి.

విండోస్ పార్టిషన్‌ని లినక్స్ నుంచి క్యాప్చర్ చేస్తే పర్మిషన్లు నిలుస్తాయా?

నిలుస్తాయి, ఒక షరతు మీద. పార్టిషన్‌ని మౌంట్ చేసి ఆ ఫోల్డర్‌ని ఇస్తే నిలవవు, అప్పుడు విమ్‌లిబ్‌కి అది మామూలు లినక్స్ ఫోల్డర్‌లాగే కనిపిస్తుంది. మౌంట్ చేయకుండా, సోర్స్ దగ్గర పార్టిషన్ డివైస్ పేరే ఇవ్వాలి. అప్పుడది ఎన్‌టీఎఫ్ఎస్‌ని లోపలి నుంచి చదివి సెక్యూరిటీ వివరాలు, స్ట్రీమ్‌లు, పాత డాస్ పద్ధతి చిన్న పేర్లతో సహా పట్టుకుంటుంది. ఈ పద్ధతిలో పార్టిషన్ మొత్తమే వస్తుంది, ఒక్క ఫోల్డర్ విడిగా రాదు.

దీనికి ముందు విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ సగం నిద్రలాంటిది, డ్రైవ్ సగం పనిలో ఉండిపోతుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగుతుంది.

## ఎర్రర్ వచ్చినప్పుడు

డిస్మ్‌లో ఎర్రర్ 87 వస్తోంది, కమాండ్ అంతా సరిగ్గానే ఉంది

87 అంటే కమాండ్‌లో ఏదో ముక్క దానికి అర్థం కాలేదని. కోలన్ తర్వాత ఖాళీ పడిందేమో, ఖాళీ ఉన్న పేరుకి కోట్స్ పెట్టారో లేదో ముందు చూడండి. కళ్ళకు కనిపించని కారణం ఒకటుంది. డ్రైవ్ పాత్‌ని కోట్స్‌లో పెట్టి, చివర బ్యాక్‌స్లాష్ ఉంచి, వెంటనే కోట్ మూసేస్తే, బ్యాక్‌స్లాషూ కోటూ కలిసి పాత్‌లోని ఒక అక్షరంలా చదువుకుంటుంది. కోట్ మూసుకోనట్టే లెక్క. ఆ వెనక రాసిన స్విచ్‌లన్నీ పాత్‌లో కలిసిపోతాయి. డ్రైవ్ పేరుకి కోట్స్ తీసేయండి, ఫోల్డర్ అయితే చివరి బ్యాక్‌స్లాష్ తీసేయండి. అవన్నీ సరిగ్గా ఉంటే, మీరు నడుపుతున్నది క్యాప్చర్ తెలియని విండోస్ 7 డిస్మ్ కాదు కదా అని చూసుకోండి.

740, 5, 32, 112 అన్న ఎర్రర్లకు అర్థం ఏమిటి?

740: కమాండ్ ప్రాంప్ట్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరవలేదు. 5: ఏదో ఫైలు మీద చదివే హక్కు లేదు, లేదా గమ్యం ఫోల్డర్‌లో రాసే హక్కు లేదు. 32: ఆ ఫైలుని వేరే ప్రోగ్రాం తెరిచి పట్టుకుని ఉంది, దాన్ని మూసేయండి లేదా స్నాప్‌షాట్ నుంచి క్యాప్చర్ చేయండి. 112: జాగా చాలలేదు. గమ్యం డ్రైవ్‌లో బోలెడంత జాగా ఉన్నా 112 వస్తుంటే తాత్కాలిక ఫైళ్ళు పెట్టే డ్రైవ్ నిండిందన్నమాట. డిస్మ్‌కి స్క్రాచ్‌డిర్ స్విచ్‌తో వేరే డ్రైవ్‌లో ఫోల్డర్ చూపించండి.

అపెండ్ మధ్యలో కరెంటు పోయింది. పాత ఇమేజ్‌లు పోయినట్టేనా?

విమ్‌లిబ్‌తో చేస్తుంటే టెన్షన్ పడకండి. విమ్‌అపెండ్ కొత్త డేటాని ఫైలు చివర చేరుస్తుంది, పాత డేటాని కదపదు. మధ్యలో ఆగితే చివర కొంత పనికిరాని డేటా మిగిలిపోతుంది. విమ్‌ఆప్టిమైజ్ నడిపితే అది తొలగిపోతుంది. ఆ తర్వాత విమ్‌వెరిఫై కూడా నడిపి, పాత ఇమేజ్‌లు నిక్షేపంగా ఉన్నాయని చూసుకోండి, ఎందుకంటే కరెంటు పోయినప్పుడు దెబ్బ తినేది ఫైలు ఒక్కటే కాకపోవచ్చు, డిస్క్ కూడా కావచ్చు.

## సరిచూసుకోవడం

ఇమేజ్ లోపల ఏముందో తెరవకుండా చూడొచ్చా?

చూడొచ్చు. విమ్‌ఇన్ఫోకి ఫైలు పేరిస్తే ఎన్ని ఇమేజ్‌లున్నాయి, ఒక్కోదాని నంబర్, పేరు, ఫైళ్ళ సంఖ్య, మొత్తం బైట్లు, ఏ కంప్రెషన్ అన్నవి వస్తాయి. నంబర్లు 1 నుంచి మొదలవుతాయి. ఫైళ్ళ పేర్ల జాబితా కావాలంటే విమ్‌డిర్. డిస్మ్‌లో ఇవే పనులకు గెట్-ఇమేజ్‌ఇన్ఫో, లిస్ట్-ఇమేజ్ ఉన్నాయి.

క్యాప్చర్ సరిగ్గా అయిందని ఎలా నమ్మాలి?

కమాండ్ ఎర్రర్ లేకుండా ముగిసిందంటే ఫైలు రాయడం అయిందని మాత్రమే. మీకు కావలసినవన్నీ అందులో ఉన్నాయని కాదు. నా దృష్టిలో తిరిగి తీసి చూడని ఇమేజ్‌ని బ్యాకప్ అనకూడదు.

ముందు విమ్‌వెరిఫై నడపండి. అది లోపలి డేటా మొత్తాన్నీ విప్పి ప్రతి ఫైలు హ్యాష్‌నీ సరిచూస్తుంది. చెక్ స్విచ్‌తో చేరిన ఇంటిగ్రిటీ టేబుల్ వేరు, అది విమ్ ఫైలుని ముక్కలుగా చూసి పాడైందా లేదా చెబుతుంది. ఈ రెండూ చెప్పేది ఒక్కటే: దాచిన డేటా దాచినట్టే ఉందని. అసలు దాచకుండా వదిలేసిన వాటి గురించి ఇవి చెప్పలేవు.

అందుకని ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి విమ్‌అప్లై చేసి అసలుతో పోల్చండి. లినక్స్‌లో డిఫ్‌ని ఆర్ స్విచ్‌తో నడిపితే ఫైళ్ళ డేటాలో తేడాలు తెలుస్తాయి. డిఫ్‌కి ఓనర్లు, మోడ్‌లు కనపడవు, కాబట్టి ముఖ్యమైన కొన్ని ఫోల్డర్ల దగ్గర ఎల్‌ఎస్‌ని ఎల్ స్విచ్‌తో రెండు వైపులా కొట్టి చూడండి. విండోస్‌లో ఐక్యాక్ల్స్ కమాండ్ ఒక ఫోల్డర్ పర్మిషన్లు చూపిస్తుంది. ఒక జంక్షన్, ఒక హార్డ్ లింకు, అడ్మిన్‌కి మాత్రమే తెరుచుకునే ఒక ఫోల్డర్ చూస్తే చాలావరకు సంగతి బయటపడుతుంది.

## మళ్ళీ మళ్ళీ క్యాప్చర్ చేయడం, సైజు

ప్రతి వారం అదే ఫోల్డర్ క్యాప్చర్ చేస్తాను. ప్రతిసారీ కొత్త ఫైలు కావాలా?

అక్కర్లేదు. విమ్‌అపెండ్‌తో అదే విమ్‌లో కొత్త ఇమేజ్‌గా చేర్చండి. డిస్మ్‌లో అయితే అపెండ్-ఇమేజ్. మారని ఫైళ్ళ డేటా ముందే లోపల ఉంది కాబట్టి మళ్ళీ రాయదు. మారినవి, కొత్తవి మాత్రమే చేరతాయి. అయినా ప్రతి వారం ఇమేజూ దానికదే సంపూర్ణం, దేన్నైనా నేరుగా అప్లై చేయొచ్చు. విమ్‌లిబ్‌కి అప్‌డేట్-ఆఫ్ స్విచ్‌తో పాత ఇమేజ్‌ని చూపిస్తే, తేదీ, సైజు మారని ఫైళ్ళని మళ్ళీ చదవకుండానే వదిలేస్తుంది. పెద్ద ఫోల్డర్లలో సమయం బాగా కలిసొస్తుంది.

ఒక హద్దు ఉంది. ఈ పొదుపు మొత్తం ఫైళ్ళకే, ఫైలు లోపలి భాగాలకు కాదు. 40 జీబీ వర్చువల్ మెషిన్ డిస్క్ ఫైలులో ఒక్క బైటు మారినా ఆ 40 జీబీ మొత్తాన్నీ మళ్ళీ కుదించి చేరుస్తుంది. మెయిల్ డేటాబేస్‌లు, ప్రతి గంటా పెరిగే పెద్ద లాగ్ ఫైళ్ళు కూడా ఇలాగే. అలాంటివి ఉంటే వాటిని ఈ పద్ధతిలోంచి తప్పించి వేరే బ్యాకప్ చూసుకోండి, లేకపోతే విమ్ ఫైలు వారం వారం ఉబ్బిపోతుంది.

పాత ఇమేజ్‌లు డిలీట్ చేశాను, ఫైలు సైజు ఎందుకు తగ్గలేదు?

డిస్మ్ డిలీట్-ఇమేజ్ తీసేసేది ఇమేజ్ వివరాలనే, డేటా ఉన్నచోటే ఉంటుంది. మిగిలిన ఇమేజ్‌లను ఎక్స్‌పోర్ట్-ఇమేజ్‌తో కొత్త ఫైలులోకి పంపితే అవసరమైన డేటా మాత్రమే వెళ్తుంది, అప్పుడు పాత ఫైలు తీసేయొచ్చు. విమ్‌లిబ్‌లో విమ్‌ఆప్టిమైజ్ ఈ పనంతా ఒక్క కమాండ్‌తో చేస్తుంది. రెండు పద్ధతుల్లోనూ కొత్త ఫైలుకి సరిపడా జాగా ఖాళీగా ఉండాలి.

యూఎస్‌బీలోకి కాపీ చేస్తుంటే ఫైలు పెద్దదని ఒప్పుకోవట్లేదు

యూఎస్‌బీ ఫ్యాట్32లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీకి లోపే ఉండాలి. విమ్‌స్ప్లిట్, లేదా డిస్మ్ స్ప్లిట్-ఇమేజ్‌తో ముక్కలు చేయండి. సైజు ఎంబీలలో ఇవ్వాలి, 3800 ఇస్తే భద్రం. ముక్కల ఎక్స్‌టెన్షన్ ఎస్‌డబ్ల్యూఎం. లోపలి ఒక ఫైలుని రెండు ముక్కల మధ్య చీల్చదు కాబట్టి, కుదించాక కూడా 4 జీబీ దాటే ఫైలు ఒకటి ఉంటే ఆ ముక్క మళ్ళీ పెద్దదే అవుతుంది. అప్పుడు యూఎస్‌బీని ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చడమే దారి. ముక్కలు చేసే ఆలోచన ఉంటే సాలిడ్ కంప్రెషన్ జోలికి వెళ్ళకండి.

విమ్ ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టొచ్చా?

ఆ సౌకర్యం ఫార్మాట్‌లో లేదు. ఫైలు తయారయ్యాక జీపీజీ అన్న ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాంతో ఎన్‌క్రిప్ట్ చేయండి, లేదా ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్ మీద పెట్టండి.

## తిరిగి తీయడం

మొత్తం వద్దు, ఒక్క ఫైలు కావాలి

విమ్‌ఎక్స్‌ట్రాక్ట్‌కి విమ్ ఫైలు, ఇమేజ్ నంబర్, లోపలి పాత్ ఇవ్వండి. డెస్ట్-డిర్ స్విచ్‌తో ఎక్కడ పెట్టాలో చెప్పొచ్చు. 7-జిప్ కూడా విమ్‌ని తెరుస్తుంది, ఒకటి రెండు డాక్యుమెంట్లు తీసుకోవడానికి అది చాలు. మొత్తం ఫోల్డర్‌ని పర్మిషన్లతో నిలబెట్టాలంటే మాత్రం అప్లై కమాండే వాడండి.

మౌంట్ చేసి చూసుకోవడం ఎలా?

లినక్స్‌లో విమ్‌మౌంట్ ఉంది, అది ఫ్యూజ్ (మామూలు ప్రోగ్రాములు ఫైల్ సిస్టమ్ నడిపేందుకు లినక్స్‌లో ఉన్న ఏర్పాటు) ద్వారా రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తుంది. విండోస్‌లో డిస్మ్ మౌంట్-ఇమేజ్‌కి రీడ్‌ఓన్లీ స్విచ్ ఇవ్వడం మంచిది. రాసే వీలుతో మౌంట్ చేస్తే దించేటప్పుడు మార్పులు ఉంచాలా వదిలేయాలా చెప్పాలి: కమిట్ లేదా డిస్కార్డ్. మౌంట్ ఫోల్డర్‌ని ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ చేయకండి. అన్‌మౌంట్ కాకుండా ఇరుక్కుపోతే క్లీనప్-మౌంట్‌పాయింట్స్ నడపండి.

పాత ఫోల్డర్ మీదే అప్లై చేస్తే ఏమవుతుంది?

అదే పేరున్న ఫైళ్ళ మీద ఇమేజ్‌లోని ఫైళ్ళు రాస్తుంది. ఇమేజ్‌లో లేని ఫైళ్ళని ముట్టుకోదు. ఫలితంగా పాతవీ కొత్తవీ కలగాపులగంగా మిగులుతాయి, ప్రోగ్రాముల ఫోల్డర్లలో ఇది ప్రమాదం. ఖాళీ ఫోల్డర్‌లోకి అప్లై చేసి, సరిచూసుకుని, తర్వాత పేర్లు మార్చుకోండి.

లినక్స్‌లో పట్టిన ఇమేజ్‌ని విండోస్‌లో తీస్తే కొన్ని ఫైళ్ళు రాలేదు

లినక్స్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేరు వేరు. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో, అక్షరాల సైజు మాత్రమే తేడాగా రెండు ఫైళ్ళుండొచ్చు. పేరులో కోలన్, ప్రశ్న గుర్తు కూడా ఉండొచ్చు. విండోస్ ఇవి ఒప్పుకోదు. విమ్‌లిబ్ అలాంటి ఫైళ్ళని హెచ్చరిక ఇచ్చి వదిలేస్తుంది, ఆ హెచ్చరిక మిగతా సందేశాల్లో కొట్టుకుపోతుంది. విమ్‌అప్లైకి ఇంక్లూడ్-ఇన్‌వాలిడ్-నేమ్స్ స్విచ్ ఇస్తే పేర్లు కొంచెం మార్చి అయినా ఫైళ్ళని బయటికి తీస్తుంది. డేటా మాత్రం పూర్తిగా ఉంటుంది. పేర్లు యథాతథంగా కావాలంటే అదే ఇమేజ్‌ని లినక్స్ డ్రైవ్ మీద అప్లై చేయండి.